ఎర్రసముద్రం నుంచి బంగారుపాళ్యం ర్యాంపు దాకా: తోతాపురి గుజ్జు ఎగుమతిపై కేస్ స్టడీ

సముద్రపు కిరాయి కంటైనరుకు వెయ్యి డాలర్లు పెరిగితే, ఆ భారం చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి కాయ మీద కిలోకు సుమారు రెండున్నర రూపాయలు పడుతుంది. లెక్క ఇలా వస్తుంది. ఇరవై అడుగుల కంటైనరులో 80 డ్రమ్ములు పడతాయి. డ్రమ్ముకు 215 కిలోల చొప్పున మొత్తం 17.2 టన్నుల గుజ్జు. కాయ బరువులో సగానికి కాస్త పైన గుజ్జుగా దిగుతుంది కాబట్టి ఒక కంటైనరు నిండాలంటే 33 టన్నుల దాకా కాయ కావాలి. 2024లో డాలరు 83 రూపాయల పైచిలుకు ఉంది. 83 వేల రూపాయలను 33 వేల కిలోలకు పంచి చూడండి.

ఈ రెండున్నర రూపాయలు ఎవరు భరించాలన్నది ఒప్పందంలో రాసి ఉంటే కొనుగోలుదారు భరిస్తాడు, లేదా ఇద్దరూ పంచుకుంటారు. రాసి లేకపోతే ఫ్యాక్టరీ మీద పడుతుంది. ఫ్యాక్టరీ దాన్ని మోయలేక ర్యాంపు (రైతు కాయ అమ్మే కొనుగోలు కేంద్రం) ధర మీదికి తోస్తుంది. ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు చేసిన యెమెన్ సాయుధ వర్గం హౌతీల డ్రోన్లకు, దామలచెరువు మామిడి రైతుకు ఉన్న సంబంధం ఇదే.

కింద రాసింది ఏ ఒక్క ఫ్యాక్టరీ వ్యవహారమూ కాదు. చిత్తూరు, గంగాధర నెల్లూరు, పుత్తూరు వైపు గుజ్జు యూనిట్ల ఎగుమతి ఒప్పందాల్లో మామూలుగా కనిపించే షరతులన్నీ ఒకే సరుకుకు తగిలించి చేసిన నమూనా కేసు. సరుకు 12 కంటైనర్లు. ఎనిమిది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌కు సీఎఫ్ఆర్ (ధరలో సముద్రపు కిరాయి కలిసినది) మీద, నాలుగు సౌదీలోని జెడ్డాకు సీఐఎఫ్ (ధరలో కిరాయి, బీమా రెండూ కలిసినవి) మీద. సీజన్ 2024. ఓడల సంఘటనలు, తేదీలు, బీమా నిబంధనలు మాత్రం జరిగినవి జరిగినట్టే, ఉన్నవి ఉన్నట్టే.

దారి ఎలా మూసుకుంది

2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్ ఓడను హౌతీలు పట్టుకున్నారు. డిసెంబరు మధ్యకల్లా మెర్స్క్, హపాగ్ లాయిడ్, ఎంఎస్‌సీ వంటి పెద్ద ఓడల కంపెనీలు (లైన్లు) ఎర్రసముద్రానికి దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధిని వదిలి ఆఫ్రికా కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ ఓడలు తిప్పడం మొదలుపెట్టాయి. మన వైపు నుంచి యూరప్‌కు అది 10 నుంచి 14 రోజుల అదనపు ప్రయాణం. ఓడలు ఎక్కువ రోజులు సముద్రం మీదే ఉంటే ఖాళీ కంటైనర్లు తిరిగి రావడమూ ఆలస్యమే. చెన్నైలో ఖాళీ డబ్బా దొరకక ఫ్యాక్టరీలో డ్రమ్ములు పేరుకున్నాయంటే మూలం అక్కడుంది.

ప్రపంచ కంటైనర్ కిరాయిలకు కొలతగా చూసే డ్రూరీ సూచీ 2023 నవంబరులో నలభై అడుగుల డబ్బాకు 1,400 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2024 జనవరి ఆఖరుకు 3,900 దాటింది. వేసవిలో కాస్త దిగి, జులైలో 5,900 దాకా పోయింది. జులై అంటే మన తోతాపురి సీజన్ నడిమధ్య. ఆ సూచీ షాంఘై నుంచి బయల్దేరే మార్గాల మీద ఎక్కువగా ఆధారపడినది కాబట్టి చెన్నై కిరాయి అంకెకు అంకె అలాగే ఉండదు, కానీ పోకడ ఒకటే.

భారత్ ఏం చేసిందన్నది చాలామంది యూనిట్ యజమానులు అడిగే ప్రశ్న. ఎర్రసముద్రంలో ఓడల రక్షణకు అమెరికా 2023 డిసెంబరులో ప్రకటించిన ప్రాస్పరిటీ గార్డియన్ కూటమిలో మనం చేరలేదు. నౌకాదళాన్ని మాత్రం సొంతంగా మోహరించాం. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరు మంటల్లో చిక్కుకుంటే ఐఎన్ఎస్ విశాఖపట్నం వెళ్లి ఆర్పడానికి సాయపడింది. అందులో 22 మంది భారతీయ నావికులున్నారు. మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ మీద దాడి జరిగినప్పుడు ఐఎన్ఎస్ కోల్‌కతా 21 మందిని కాపాడింది. ఇది గర్వించదగ్గ పని. కానీ గుజ్జు కంటైనరు ఏ దారిన పోవాలో నిర్ణయించేది ఢిల్లీ కాదు. ఆ డబ్బాలను మోసే ఓడల్లో ఎక్కువ భాగం విదేశీ లైన్లవి. వాళ్లు చూసేది లండన్ ఓడల బీమా మార్కెట్‌కు చెందిన జాయింట్ వార్ కమిటీ ఇచ్చే ప్రమాద ప్రాంతాల జాబితా, దాన్ని బట్టి ఓడకు పడే యుద్ధ బీమా ప్రీమియం, సిబ్బంది ఒప్పుకుంటారా లేదా అన్నది. అందుకే విదేశాంగ ప్రకటన చదివి కిరాయి తగ్గుతుందని అంచనా వేసిన వాళ్లు దెబ్బతిన్నారు. 2025 జనవరిలో గాజా కాల్పుల విరమణ వచ్చింది, మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హౌతీల మధ్య దాడులు ఆపుకునే ఒప్పందం కుదిరింది. అయినా పెద్ద లైన్లు వెనక్కి రాలేదు. ఆ జులైలోనే మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు ఓడలు మునిగాయి.

రోటర్‌డ్యామ్ సరుకు: ఎనిమిది డబ్బాలు

సీఎఫ్ఆర్ అంటే కిరాయి అమ్మేవాడిది. డబ్బా చెన్నైలో ఓడ ఎక్కగానే నష్టభయం కొనేవాడిది. చిత్తూరు యూనిట్లు ఏప్రిల్, మే నెలల్లో ధర ఖాయం చేసి, అప్పటి కిరాయిని కలిపి టన్ను రేటు ఇచ్చేస్తాయి. సరుకు ఎక్కేది జులై, ఆగస్టు. ఈ మధ్య రెండు మూడు నెలల్లో లైన్ వాళ్లు జనరల్ రేటు పెంపు, పీక్ సీజన్ సర్‌చార్జి, యుద్ధ సర్‌చార్జి అని ఒకదాని మీద ఒకటి వేస్తారు. 2024 జనవరి నుంచి యూరప్ కార్బన్ మార్కెట్ ఓడలకూ వర్తించింది. 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2025వి అయితే 70 శాతానికి, 2026 నుంచి పూర్తిగా కట్టాలి. యూరప్ బయటి రేవు నుంచి వచ్చే ప్రయాణంలో సగం ఉద్గారాలు లెక్కలోకి వస్తాయి. దారి పొడుగైతే ఇంధనం ఎక్కువ, ఇంధనం ఎక్కువైతే ఆ కార్బన్ సర్‌చార్జి కూడా ఎక్కువ. యుద్ధం సద్దుమణిగినా పోని ఖర్చు ఇది. చాలా కొటేషన్లలో దీనికి గడే ఉండదు.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది అంతకన్నా పెద్ద చిక్కు. ఈ కేసులో షరతు "సరుకు చేరాక కాగితాల మీద చెల్లింపు". దారి రెండు వారాలు పొడుగైతే డబ్బూ రెండు వారాలు వెనక్కి. టన్ను 900 డాలర్లు అనుకుంటే డబ్బా విలువ 15,480 డాలర్లు. తొమ్మిది శాతం వడ్డీతో 14 రోజులకు పడేది 53 డాలర్లు మాత్రమే. ఈ అంకె చూసి ఆలస్యం పెద్ద విషయం కాదనుకోవడం తప్పు. నష్టం వడ్డీలో లేదు, బ్యాంకు ఇచ్చిన పరిమితిలో ఉంది. ఎనిమిది డబ్బాలంటే 1.24 లక్షల డాలర్లు, అంటే కోటి రూపాయలకు పైగా. ఆ కోటి సముద్రం మీద ఉన్న రెండు వారాలూ ఇక్కడ క్యాష్ క్రెడిట్ నిండిపోయి ఉంటుంది. తోతాపురి మాత్రం ఆగదు. కోత పట్టుగా సాగేది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో రెండు వారాలు కాయ కొనడానికి డబ్బు లేకపోతే యూనిట్ కాయ తెచ్చేందుకు రైతులకిచ్చే టోకెన్లు తగ్గిస్తుంది, లేదా అప్పు మీద కాయ తీసుకుంటుంది. గేటు బయట ట్రాక్టర్ల బారు పెరిగేది అప్పుడే.

చెల్లింపు గడువును బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్, సరుకు తీసుకున్నట్టు లైన్ ఇచ్చే పత్రం) తేదీ నుంచి లెక్కపెట్టేలా రాసుకుంటే, ఉదాహరణకు బీఎల్ తేదీ నుంచి 45 రోజులు అని, ఓడ ఏ దారిన పోయినా డబ్బు వచ్చే రోజు మారదు. ఒక్క వాక్యం మార్పు. మా అనుభవంలో కిరాయి మీద బేరమాడే దానికన్నా ఈ వాక్యం మీద పట్టుబట్టడం ఎక్కువ ఫలితమిస్తుంది. యూరప్ కొనుగోలుదారు కూడా దీనికి త్వరగా ఒప్పుకుంటాడు, ఎందుకంటే అతనికి టన్ను ధర పెరగదు.

ఎల్సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) మీద పోయే సరుకైతే ఇంకో ప్రమాదం. చెన్నైలో బుక్ చేసిన ఓడ నిండిపోయి డబ్బాను తర్వాతి ఓడకు తోసేయడం 2024లో తరచూ జరిగింది. ఎల్సీలో ఉన్న ఆఖరు షిప్‌మెంట్ తేదీ ఒక్క రోజు దాటినా బ్యాంకు దాన్ని లోపంగా రాస్తుంది. లోపం ఉన్న కాగితాలకు కొనుగోలుదారు ఒప్పుకుంటేనే డబ్బు. ధర పడిపోతున్న మార్కెట్లో అతను ఒప్పుకోడు, తగ్గింపు అడుగుతాడు. ఎల్సీలకు వర్తించే అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం ఎల్సీలో వేరే గడువు చెప్పకపోతే షిప్‌మెంట్ తర్వాత 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకులో పడాలి. ఆఖరు షిప్‌మెంట్ తేదీని అనుకున్న ఓడ తేదీకి కనీసం నెల తర్వాత ఉండేలా పెట్టించుకోవాలి, ట్రాన్స్‌షిప్‌మెంట్ (మధ్య రేవులో వేరే ఓడకు మార్చడం) అనుమతించాలి, సూయజ్ మీదుగా అన్న మాట ఎక్కడైనా దూరిందేమో చూసి తీయించాలి.

డబ్బా లోపల

గుడ్ హోప్ దారిలో మన సరుకుకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తోతాపురి ఓడ ఎక్కే జులై, ఆగస్టు నెలలు దక్షిణార్ధగోళంలో చలికాలం, ఆ సముద్రంలో తుపాను అలల కాలం. 2024 జులై 9న దక్షిణాఫ్రికా తీరంలో సీఎంఏ సీజీఎం బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే భారీ ఓడ నుంచి 44 కంటైనర్లు సముద్రంలో పడిపోయాయి. సూయజ్ దారికి సరిపోయిన ప్యాకింగ్ ఈ దారికి చాలదు.

ఇరవై అడుగుల డబ్బా లోపలి కొలత సుమారు 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు. నాలుగు డ్రమ్ముల ప్యాలెట్ 1.14 మీటర్ల చదరమైతే అడ్డంగా రెండు, పొడవునా ఐదు, కింద పది, పైన పది. పక్కన ఏడు సెంటీమీటర్లు, తలుపు దగ్గర ఇరవై సెంటీమీటర్లు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే శత్రువు. అల వచ్చిన ప్రతిసారీ పంతొమ్మిది టన్నుల బరువు ఆ ఏడు సెంటీమీటర్లూ అటూ ఇటూ జరుగుతుంది. పై వరుస ప్యాలెట్ కింది డ్రమ్ము మూత మీద కూర్చుని రాపాడుతుంది. మూత బిగించే రింగు బోల్టు లోపలి అసెప్టిక్ (క్రిములు చేరకుండా మూసిన) సంచిని నొక్కి సూదిమొనంత బెజ్జం చేస్తుంది. అక్కడి నుంచి గాలి చొరబడి పులుపెక్కి సంచి ఉబ్బుతుంది. రోటర్‌డ్యామ్‌లో డబ్బా తెరిచినప్పుడు కనిపించేది మూత అంచున ఎండిన పసుపు మరక.

ఇది యుద్ధ నష్టం కాదు. బీమా సర్వేయరు "ప్యాకింగ్ చాలలేదు" అని రాస్తే పాలసీలోని మినహాయింపు కిందికి పోతుంది. చేయాల్సింది కష్టమేమీ కాదు. వరుసల మధ్య ప్లైవుడ్ పలక, పక్క ఖాళీలో గాలి సంచులు, తలుపు దగ్గర చెక్క దిమ్మెలు అడ్డంగా, ప్రతి ప్యాలెట్‌కు రెండు పట్టీలు, రింగు బోల్టులన్నీ బయటికి తిరిగి ఉండేలా. ఈ పనులన్నీ అయ్యాక తలుపు మూయకముందు నాలుగు ఫొటోలు, సీలు వేశాక ఒకటి. క్లెయిము వచ్చిన రోజున వీటి విలువ తెలుస్తుంది.

ఓడ భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. డెక్ మీద ఎండకు పడిన డబ్బాలో గుజ్జు రంగు తిరుగుతుంది. బుకింగ్ చేసేటప్పుడే డెక్ కింద, ఇంజన్ గదికి దూరంగా పెట్టమని రాతపూర్వకంగా అడగాలి. లైన్ హామీ ఇవ్వదు, అయినా అడిగిన కాగితం దగ్గరుండాలి.

జెడ్డా సరుకు: నాలుగు డబ్బాలు

జెడ్డా రేవు ఎర్రసముద్రంలోనే ఉంది. దక్షిణం నుంచి పోవాలంటే బాబ్ ఎల్ మందెబ్ దాటాలి. దాటకూడదనుకుంటే ఆఫ్రికా అంతా చుట్టి సూయజ్ గుండా ఉత్తరం నుంచి దిగాలి. చాలా సందర్భాల్లో లైన్లు మూడో దారి పట్టాయి. బీఎల్ వెనుక చిన్న అక్షరాల్లో ఉండే షరతును వాడి డబ్బాను దుబాయ్‌లోని జెబెల్ అలీలోనో ఒమన్‌లోని సలాలాలోనో దించి, రవాణా ఇక్కడితో పూర్తయింది, ముందుకు తీసుకెళ్లడం మీ ఖర్చు అని నోటీసు పంపడం. సీఐఎఫ్ అమ్మకందారుకు ఇది రెండు వైపుల నుంచీ తగులుతుంది. కిరాయి జెడ్డా దాకా కట్టేశాడు, బీమాకూ బాధ్యత తనదే.

ఈ నోటీసు వచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది, అదే ఎక్కువగా మరిచిపోతారు. సరుకు బీమా పాలసీల ప్రామాణిక షరతులైన ఇన్‌స్టిట్యూట్ కార్గో నిబంధనల్లో తొమ్మిదోది, రవాణా ఒప్పందం మధ్యలో ముగిస్తే బీమా కూడా అక్కడే ముగుస్తుందని చెబుతుంది. వెంటనే బీమా కంపెనీకి తెలియజేసి కొనసాగించమని కోరితేనే రక్షణ ఉంటుంది, అదీ ఆ రేవుకు చేరినప్పటి నుంచి 60 రోజుల దాకా. ఒక ఈమెయిల్ చాలు. ఆ ఈమెయిల్ లేక తర్వాత లారీ బోల్తా పడితే నష్టం పూర్తిగా యూనిట్‌దే.

యుద్ధ బీమా గురించి మూడు మాటలు తప్పకుండా తెలిసి ఉండాలి. ఆ కార్గో నిబంధనల్లో అన్నిటికన్నా విస్తృతమైన 'ఎ' రకం పాలసీలో కూడా యుద్ధం కలిసి ఉండదు, విడిగా ప్రీమియం కట్టి తీసుకోవాలి. సరుకు ఓడ మీద ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవులో 15 రోజులు దాటితే ఆగిపోయి, మళ్లీ ఓడ ఎక్కాక మొదలవుతుంది. 2024 మధ్యలో సింగపూర్, కొలంబోల్లో డబ్బాలు రోజుల తరబడి నిలిచిపోయినప్పుడు ఇది చాలామందికి తట్టలేదు. ఇక ఏ పాలసీ అయినా ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని ఇవ్వదు, ఆ ఆలస్యానికి కారణం బీమా ఉన్న ప్రమాదమే అయినా సరే. రంజాన్ గిరాకీకి అందకపోతే ఆ నష్టం ఎవరూ పూరించరు.

సౌదీకి మేం సూచించే దారి దమ్మామ్. గల్ఫ్ వైపు రేవు కాబట్టి బాబ్ ఎల్ మందెబ్ అడ్డం రాదు. రియాద్ దాకా రైలు ఉంది, జెడ్డాకు లారీ. అయితే అది హోర్ముజ్ జలసంధి లోపల ఉంది. 2024లో ప్రపంచం వాడిన చమురులో అయిదో వంతు దాకా ఆ ఇరుకు దారినే పోయింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం జరిగిన పన్నెండు రోజులూ దాన్ని మూసేస్తారన్న భయం ఉండింది. కాబట్టి ఒప్పందంలో ఒకే రేవు పేరు రాయకుండా "జెడ్డా లేదా దమ్మామ్, అమ్మకందారు ఎంపిక మేరకు, లోపలి రవాణా కొనుగోలుదారు ఖర్చు" అని రాయడం మేలు.

యెమెన్‌కు పంపే యూనిట్లు కూడా ఉన్నాయి. హౌతీలపై అమెరికా ఆంక్షల్లో ఆహార పదార్థాలకు మినహాయింపులున్నా, డాలరు చెల్లింపు బ్యాంకుల్లో ఆగుతుంది. ముందస్తు చెల్లింపు లేకుండా ఆ సరుకు ఎక్కించవద్దు.

నీళ్లు మోయడం తగ్గించడం

కిరాయి పెరిగినప్పుడు యూనిట్ చేతిలో ఉన్న అసలైన ఆయుధం కాన్సెంట్రేట్, అంటే నీరు తీసి చిక్కబరచిన గుజ్జు. మామూలు గుజ్జు 14 నుంచి 16 బ్రిక్స్ (గుజ్జులో కరిగిన చక్కెర వంటి ఘనపదార్థాల శాతం). కాన్సెంట్రేట్ 28. డ్రమ్ముకు 228 కిలోల చొప్పున డబ్బాకు 18.24 టన్నులు. అందులో పండు ఘనపదార్థం 5.1 టన్నులు, మామూలు గుజ్జు డబ్బాలో 2.6 టన్నులే. ఒకే కిరాయికి దాదాపు రెట్టింపు పండు పోతుంది. వెయ్యి డాలర్ల పెంపు కాయ మీద కిలోకు ఒకటీ పావు రూపాయికి దిగుతుంది.

ఖర్చు ఆవిరిలో ఉంది. ఒక డబ్బా కాన్సెంట్రేట్‌కు 16 టన్నుల దాకా నీరు ఇగిర్చాలి. రెండంచెల ఎవాపొరేటరైతే టన్ను నీటికి అర టన్నుకు కాస్త పైన ఆవిరి కావాలి, అంటే డబ్బాకు సుమారు తొమ్మిది టన్నులు. వేరుశనగ పొట్టు బ్రికెట్లు కిలోకు మూడున్నర, నాలుగు కిలోల ఆవిరి ఇస్తాయి కాబట్టి రెండున్నర టన్నుల బ్రికెట్లతో పని జరుగుతుంది. ఫర్నేస్ ఆయిల్ బాయిలరు మీద మాత్రం ఈ లెక్క అంత సుఖంగా ఉండదు, ఎందుకంటే ఎర్రసముద్రంలో గొడవ ముదిరినప్పుడే ఆ నూనె ధరా కదులుతుంది. బ్రికెట్ల బాయిలరు ఉన్న యూనిట్‌కు ఈ విషయంలో నిజమైన భద్రత ఉంది.

అన్నిచోట్లా ఇది కుదరదు. గల్ఫ్ జ్యూస్ తయారీదారులు తీసుకుంటారు. పిల్లల ఆహారం, పెరుగు తయారుచేసే యూరప్ కంపెనీలు ఎక్కువగా మామూలు గుజ్జే అడుగుతాయి. పైగా కాయ ఉప్పెనలా వచ్చే వారాల్లో ఎవాపొరేటరు దగ్గరే పని ఆగిపోతుంది.

మిగిలిన నిల్వ, మరుసటి సీజన్

2024లో కదలని సరుకు గోదాముల్లోనే ఉండిపోయింది. 2025 తోతాపురి వచ్చేసరికి పాత నిల్వ అమ్ముడుపోలేదన్నది ఫ్యాక్టరీలు గట్టిగా చెప్పిన కారణాల్లో ఒకటి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినా చాలా ర్యాంపుల్లో ఆ 8 కూడా దక్కలేదని రైతులు రోడ్డెక్కారు. చివరికి కేంద్రం క్వింటాలు ధరను 1,490.73 రూపాయలుగా తీసుకుని 1.62 లక్షల టన్నులకు వ్యత్యాసపు చెల్లింపు ఆమోదించింది. ధర పడిపోవడానికి ఎర్రసముద్రం ఒక్కటే కారణం కాదు, 2025లో కాయ కూడా విరగకాసింది. అయినా డబ్బాకు రెండు మూడు వేల డాలర్లు అదనంగా పడిన సీజన్ తర్వాతి ఏడాది భారం రైతు మోయడం న్యాయం కాదు. ఆ భారం ఎవరిదో ముందే కాగితం మీద తేల్చుకునే అవకాశం ఉన్నప్పుడు అసలే కాదు.

ఒప్పందంలో పెట్టాల్సిన వాక్యాలు

జనవరి, ఫిబ్రవరిల్లో, పూత మీద ఉన్నప్పుడే, కొనుగోలుదారుతో ఇవి మాట్లాడుకోవాలి. కోత మొదలయ్యాక బేరమాడే బలం యూనిట్ చేతిలో ఉండదు.

సీఎఫ్ఆర్ ధర పక్కనే అందులో కలిపిన సముద్రపు కిరాయి అంకెను విడిగా చూపించాలి. "ఈ కిరాయి ఒప్పందం రోజు లైన్ కొటేషన్ మేరకు. ఎక్కించే రోజు దీనికి మించిన కిరాయి, యుద్ధ, కార్బన్ సర్‌చార్జీలు లైన్ ఇన్వాయిస్ చూపి కొనుగోలుదారు నుంచి వసూలు. తగ్గితే తేడా కొనుగోలుదారుకు" అని రాయాలి. తగ్గుదల కూడా ఇస్తామంటేనే అవతలివాడు సంతకం పెడతాడు. పూర్తిగా ఒప్పుకోకపోతే సగం సగం. అదీ కాదంటే ఎఫ్‌ఓబీ చెన్నైకి (చెన్నైలో ఓడ ఎక్కించే దాకే అమ్మేవాడి ఖర్చు) మారడమే మంచిది, కిరాయి గొడవ మొత్తం అతనిదే అవుతుంది.

ఎగుమతి చెల్లింపులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీ ఉన్న యూనిట్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. దేశం బయట ప్రయాణం ఆగిపోవడం లేదా దారి మళ్లడం వల్ల అదనపు కిరాయి, బీమా కట్టాల్సి వచ్చి, దాన్ని కొనుగోలుదారు నుంచి రాబట్టుకోలేకపోతే, అది రాజకీయ నష్టభయాల జాబితాలో ఉంది. క్లెయిము నిలబడాలంటే బుకింగ్ రోజు కొటేషన్, లైన్ పంపిన దారి మళ్లింపు నోటీసు, అదనపు ఇన్వాయిస్, కట్టిన రసీదు, కొనుగోలుదారును అడిగిన ఉత్తరం, అతను కాదన్న జవాబు, ఈ ఆరు కాగితాలూ డబ్బా నంబరు వారీగా ఒకే ఫైలులో ఉండాలి. ఫోనులో కాదన్నాడంటే సరిపోదు. జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి.